దర్జీ కండరం

విడపనకల్లులో పాత చీరలు పొరలుగా పరిచి బొంత కుట్టే ఆడవాళ్ళయినా, టైలరు అంగడిలో కాజాలూ హుక్కులూ కుట్టేవాళ్ళయినా కూర్చునే తీరు ఒకటే: బాసింపట్టు. ఒడే బల్ల అవుతుంది, రెండు చేతులూ సూదికి మిగులుతాయి. యూరప్‌లోనూ దర్జీలు ఇలాగే కూర్చునేవారు. ఆ కూర్చునే తీరును బట్టే తొడలోని ఒక కండరానికి శరీరశాస్త్రజ్ఞులు సార్టోరియస్ అని పేరు పెట్టారు. లాటిన్‌లో సార్టర్ అంటే దర్జీ. దానికి మూలం సర్కీరె అనే క్రియ: చిరుగు బాగుచేయడం, అతుకు వేయడం. ఆ లెక్కన కొత్త గుడ్డ కత్తిరించే టైలరు కన్నా బొంత కుట్టే మనిషే ఆ మాటకు దగ్గర.

డెల్టాయిడ్ వంటి కండరాలకు పేరు ఆకారాన్ని బట్టి వచ్చింది. దీనికి మాత్రం చేసే పనిని బట్టి వచ్చింది. ఆ పని ఎలా సాగుతుందో తెలియాలంటే కండరం నడిచే దారి చూడాలి.

నడుము కింద ముందువైపు, పక్కగా చేతికి తగిలే తుంటి ఎముక మొన దగ్గర ఇది మొదలవుతుంది. అక్కడి నుంచి సన్నటి నవారు పట్టెలా తొడ మీదుగా ఏటవాలుగా లోపలివైపుకు దిగుతుంది. మోకాలి లోపలి పక్కన కాస్త వెనగ్గా వెళ్ళి, మళ్ళీ ముందుకు తిరిగి, మోకాలి కింది పెద్ద ఎముక లోపలి ముఖానికి అతుక్కుంటుంది. అక్కడ మరో రెండు కండరాల స్నాయువులు దీనితో కలుస్తాయి. ఆ మూడింటి అమరికకు లాటిన్ పేరు పెస్ అన్‌సెరినస్, అంటే బాతు పాదం.

ఈ వంకర దారిలోనే తెలివంతా ఉంది. తుంటి కీలుకు ముందుగా పోతుంది కాబట్టి బిగిస్తే తొడ పైకి లేస్తుంది. బయటి నుంచి లోపలికి చుట్టుకు వస్తుంది కాబట్టి తొడ పక్కకు వాలి బయటికి తిరుగుతుంది. మోకాలి ఇరుసుకు వెనగ్గా దాటుతుంది కాబట్టి మోకాలు ముడుచుకుంటుంది. ఈ నాలుగు కదలికలనూ కలిపితే వచ్చేదే బాసింపట్టు.

రెండు కీళ్ళు ఒకేసారి ముడుచుకున్నప్పుడు కండరం చాలా దూరం కురచ కావాలి. పొట్టి పోగులతో అది సాధ్యం కాదు. అందుకే పోగులు పక్కపక్కనే సమాంతరంగా, చాలా పొడవుగా పరుచుకున్నాయి. మనిషి ఒంట్లో ఇంతకన్నా పొడవైన కండరం లేదు. పట్టె సన్నం కాబట్టి బలం తక్కువ. తొడను ఎత్తే పెద్ద బలం లోపలి కండరాలది. బలం వదులుకొని దూరం సంపాదించుకున్న ఈ బేరం నాకు ఎంతో నచ్చుతుంది.

కుర్చీలో కూర్చుని ఒక పాదాన్ని రెండో మోకాలి మీదికి తెచ్చుకోండి. పైన పెట్టిన కాలి మోకాలిని చేత్తో కిందికి నొక్కుతూ, అదే కాలితో పైకి ఎత్తబోతే తొడ పైభాగంలో ఈ పట్టె బిగుసుకోవడం వేళ్ళకు తెలుస్తుంది.

శస్త్రవైద్యులకు ఇది దారి గుర్తు కూడా. తొడ నడుమ ప్రధాన ధమని సాగే ఇరుకు దారికి ఈ కండరమే పైకప్పు. 1785లో లండన్‌లో జాన్ హంటర్, మోకాలి వెనక ధమని ఉబ్బిన రోగికి కాలు తీసేయకుండా, ఈ పట్టె కిందనే ధమనిని కట్టి కాలిని దక్కించాడు. ఆ దారిని ఇప్పటికీ హంటర్ కాలువ అంటారు.