కరిగిపోయే ఆయుధం

2019 అక్టోబరు 16న ఏలూరులో ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు బ్యాంకు పని ఉందని చెప్పి, నగదూ నగలూ పట్టుకుని ఇంట్లోంచి బయల్దేరాడు. ఆ రోజే కుప్పకూలి చనిపోయాడు. ఒంటిమీద గాయం లేదు, పెనుగులాడిన గుర్తు లేదు. వయసు యాభై నిండలేదు. ఇలాంటి చావుకి మన ఊళ్ళలో కారణం వెతుక్కోనక్కర్లేదు, గుండె ఆగిందంటారు. ఆ మాటే ఖాయం చేసుకుని దినవారాలు జరిపించేస్తే కథ అక్కడితో అయిపోయేది. ఇంట్లోవాళ్ళు మాత్రం ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయారు. గుండె ఆగితే ఆగింది, మరి పట్టుకెళ్ళిన డబ్బూ బంగారం ఏమైనట్టు?

మూడు వారాలు తిరక్కుండా, నవంబరు 5న, అప్పటి పశ్చిమ గోదావరి ఎస్పీ నవదీప్ సింగ్ విలేఖరుల ముందు ఒక లెక్క పెట్టారు. 2018 ఫిబ్రవరి నుంచి ఇరవై నెలల్లో, ఉభయ గోదావరి, కృష్ణా జిల్లాల్లో పదిమంది హత్యకు గురయ్యారన్నారు. నిందితుడు ఏలూరువాడే. అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌గా చేశాడు, స్థలాల బేరాల్లో దిగాడు, ఆ తర్వాత బియ్యం గింజల్ని లాక్కుంటాయనే 'రైస్ పుల్లర్' నాణేలు, గుప్తనిధులు, సిరి కలిసొచ్చే పూజలు అంటూ తిరిగాడు. నమ్మి డబ్బు తెచ్చినవాళ్ళ చేతిలో ప్రసాదం పెట్టాడనీ, అందులో సైనైడ్ కలిపాడనీ పోలీసుల అభియోగం. ఆ పదిమందిలో అతని సొంత చుట్టాలున్నారు, ఒక ఆశ్రమ స్వామి కూడా ఉన్నారు.

అప్పట్లో పేపర్లన్నీ ఆ మనిషి చుట్టూనే తిరిగాయి. 'సీరియల్ కిల్లర్' అన్న మాట మొదటి పేజీకెక్కింది. నాకతని మీద పెద్ద ఆసక్తి లేదు. దురాశా, దుర్మార్గం ఎప్పుడూ ఒక్కలాగే ఉంటాయి. నన్ను కట్టిపడేసింది ఆయుధం జాడ పట్టిన పనితనం. కత్తైతే చెరువులోనో పొదల్లోనో దొరుకుతుంది. తుపాకైతే తూటా మీద గీత వదులుతుంది. సైనైడ్ తను చంపిన మనిషిలోనే కరిగిపోతుంది. అలాంటి ఆయుధాన్ని వెతకడమంటే ముందు అసలు ఆయుధమంటూ ఒకటుందని అనుమానించాలి. అన్నిటికంటే కష్టమైన పని అదే. ఏలూరులో దాన్ని చేసింది పోలీసులు కాదు, ఆ ఇంటివాళ్ళు.

మన డెల్టాలో విషమంటే పురుగుమందు. కొల్లేటి లంకల నుంచి తాడేపల్లిగూడెం దాకా ఏ ఆసుపత్రి గుమ్మంలోనైనా వార్డుబాయ్ సైతం దాన్ని వాసనతో పోల్చేస్తాడు. నోట్లో నురగ, సూదిమొనంత కంటిపాపలు, బట్టలనిండా వాసన. ఆ విషం తన సంగతి తనే చాటుకుంటుంది, మనిషి కూడా గంటలూ రోజులూ కొట్టుమిట్టాడతాడు. సైనైడ్‌కి ఆ చప్పుడు లేదు. ఒంట్లో ప్రతి కణమూ ప్రాణవాయువు వాడుకునే చోటే అది తాళం వేస్తుంది. రక్తంలో ప్రాణవాయువు నిండుగా ఉంటుంది, తీసుకునే శక్తి కణానికి ఉండదు. నిమిషాల్లో అంతా అయిపోతుంది. వాడుకోకుండా మిగిలిన ఆ ప్రాణవాయువు వల్లే శవం కిందివైపు చర్మం మీద తేలే మచ్చలు మామూలు ఊదారంగులో కాక ఎర్రగా కనిపించవచ్చు. చేదు బాదం వాసన వస్తుందని పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది, కానీ ఆ వాసన పట్టే గుణం పుట్టుకతో రావాలి. కొందరు డాక్టర్లకు ఆ ముక్కే ఉండదు. కాబట్టి ఆ ఎరుపు మీద, ముక్కు మీద భరోసా పెట్టుకోలేం. భరోసా అంతా సీసాల మీదే.

అనుమానాస్పద మృతి కింద కేసు కట్టాక శవపంచనామా అవుతుంది, శవం పోస్టుమార్టం గదికి చేరుతుంది. విషం అనుమానం ఉంటే డాక్టరు కడుపునీ అందులో ఉన్నదాన్నీ, చిన్నపేగులో కొంత భాగాన్నీ, కాలేయంలో ఒక ముక్కనీ, రెండు మూత్రపిండాల్లో సగం సగాన్నీ, రక్తాన్నీ వేరుచేసి భద్రపరుస్తాడు. వార్తల్లో 'విస్రా పంపారు' అని రెండు మాటల్లో తేల్చేసేది దీన్నే. అవయవాలకు చిక్కటి ఉప్పునీళ్ళు. రక్తం సీసాలో కుళ్ళు పట్టకుండా ఫ్లోరైడ్. సైనైడ్ ఆవిరై పోయే జాతిది గనక మూత గాలి చొరనంత బిగువుగా ఉండాలి. వీటన్నిటి పక్కన ఇంకో చిన్న సీసా వెళ్తుంది, అందులో శరీరానికి సంబంధించినది ఏదీ ఉండదు. నిలవ ఉంచడానికి వాడిన ఆ ఉప్పునీళ్ళే విడిగా కొంచెం. రేపు కోర్టులో డిఫెన్సు లాయరు లేచి 'విషం మీ ఉప్పులోనే ఉందేమో' అంటే జవాబు చెప్పేది ఆ సీసాయే. ఎదుటివాడు అడగబోయే ప్రశ్నను ముందే ఊహించి, జవాబును సీసాలో పోసి పెట్టడం! ఈ విద్యలో నాకు అన్నిటికంటే ముచ్చటగొలిపేది ఇదే. సీసాల మీద పోస్టుమార్టం నంబరు, తేదీ, సంతకం, లక్కముద్ర. ఆ ముద్ర ఎలా ఉంటుందో తెలిపే నమూనా సీలు విడిగా. తీసుకెళ్ళే కానిస్టేబులు సంతకం, ల్యాబులో అందుకున్నవాళ్ళ సంతకం. మధ్యలో ఒక్క రాత్రికి లెక్క చెప్పలేకపోయినా, ఎంత గొప్ప రసాయన పరీక్ష చేసినా ఆ కాగితం తేలిపోతుంది.

పరీక్ష కథ ఇంకా అందమైనది. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో రంగులు తయారుచేసే ఒకాయన చేతిలో, ఎరుపు కోసం చేస్తున్న పని పొరపాటున గాఢ నీలంగా తిరిగింది. దాని పేరు ప్రష్యన్ బ్లూ. 1782లో స్వీడన్ రసాయనవేత్త షీలే ఆ నీలం నుంచే ఒక ఆమ్లాన్ని విడదీశాడు, సైనైడ్ కుటుంబానికి మూలం అదే. తర్వాతివాళ్ళు దారిని వెనక్కి తిప్పారు. అనుమానమున్న ద్రవాన్ని క్షారంగా మార్చి, ఇనుప లవణం కలిపి వేడిచేసి, ఆమ్లం పోస్తే, సైనైడ్ ఉన్నచోట మళ్ళీ ఆ నీలమే తేలుతుంది. ఇవాళ ల్యాబుల్లో ఇంతకన్నా సూక్ష్మమైన యంత్రాలున్నాయి. అయినా చిత్రకారుడి రంగులో పుట్టిన విషం, తిరిగి ఆ రంగులోనే పట్టుబడటంలోని సొగసు యంత్రం గీసే గ్రాఫులో ఉండదు.

ఇంతా చేస్తే తేలేది విషమని మాత్రమే. ఎవరు పెట్టారన్నది రెండో సగం. అక్కడ ఏలూరు పోలీసులు పట్టుకున్న దారి ఫోను. చనిపోయినాయన ఎవరితో మాట్లాడాడు, ఆ రోజు ఎవరిని కలిశాడు అని కాల్ వివరాలూ సీసీ కెమెరా దృశ్యాలూ కలిపి చూస్తే ఒక మనిషి తేలాడు. ఆ మనిషి పరిచయాలు తిరగేస్తే, ఉన్నట్టుండి చనిపోయినవాళ్ళు మరికొందరు బయటపడ్డారు. ఒక్క చావుగా చూసినప్పుడు గుండెపోటు. పక్కపక్కన పేరిస్తే అవే చావులు వేరే మాట చెప్పాయి. ఒక జిల్లా స్టేషనులో కాగితం పక్క జిల్లా స్టేషనుకి తెలియని చోట, వాటిని ఒకే బల్లమీదికి తెచ్చిన చెయ్యి ఎవరిదోగానీ, దండం పెట్టాలి.

అక్కణ్ణుంచి ప్రశ్న ఒక్కటే. సైనైడ్ ఎక్కడిది? కిరాణా కొట్లో దొరికే సరుకు కాదది. జాడ విజయవాడలో లోహాలకు నికెల్ పూత పనిచేసే ఒక పరిచయస్తుడి దగ్గర తేలిందని పోలీసులు చెప్పారు, అతన్నీ అరెస్టు చేశారు. ఇక్కడో చిన్న సంగతి. మామూలు నికెల్ తొట్టిలో సైనైడ్ అక్కర్లేదు. రాగి, వెండి, బంగారం పూతల తొట్లలో అది పనిముట్టు. లోహాన్ని నీళ్ళలో కరిగించి పట్టి ఉంచి, పల్చగా, సమంగా పొర కట్టిస్తుంది. కాకపోతే పూత పని వీధిలో ఈ తొట్లన్నీ పక్కపక్కనే ఉంటాయి. బందరు దగ్గర చిలకలపూడి పేరు మోసిన రోల్డుగోల్డు నగల మెరుపు వెనకున్నది కూడా ఇలాంటి పూత విద్యే. వేల కుటుంబాలకు అన్నం పెట్టే సరుకు దారితప్పి ఒక ప్రసాదంలోకి రావడానికి చేతులు ఎన్ని మారాలి? ఒక్కటి చాలు. 1919 నాటి విషాల చట్టం అమ్మకానికి లైసెన్సు, నియమాలు పెట్టే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. పరిచయస్తుడికి చిటికెడు ఇచ్చినప్పుడు ఏ రిజిస్టరూ తెరుచుకోదు.

ఆయుధం జాడ దొరికిందని పోలీసులన్నంత మాత్రాన కోర్టు ఒప్పుకోదు. ఈ సంగతి దేశమంతటికీ నేర్పిన తీర్పు మన గుంటూరు జిల్లాది కావడం విశేషం. లా కాలేజీ గుమ్మం తొక్కిన ప్రతివాడికీ తెలిసిన పులుకూరి కొట్టయ్య కేసు. పల్లెటూరి ముఠా తగాదా. ఒక వర్గంవాళ్ళు పులిపాడు చెరువు మూల మాటువేసి ఎదుటివాళ్ళను కొట్టి చంపారని కేసు. నిందితుల్లో ఒకడు పోలీసులకు చెప్పిన మాటల సారం ఇది: మేమే కొట్టాం, ఫలానావాడు బల్లెం నాకిచ్చాడు, దాన్నీ నా కర్రనీ ఫలానావాళ్ళ వామిలో దాచాను, వస్తే చూపిస్తాను. బల్లెం దొరికింది. ఇంక మిగిలిందేముంది అనిపిస్తుంది. 1946 డిసెంబరులో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ తరఫున తీర్పు రాసిన సర్ జాన్ బ్యూమాంట్‌కి మాత్రం అలా అనిపించలేదు. అంతకుముందు బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసినవాడాయన. ఆ వాక్యాన్ని ఆయన కంసాలి పట్టకారుతో విడదీసినట్టు విడదీశాడు. ఇంటికప్పులో దాచిన కత్తి తెచ్చిస్తానని నిందితుడు అంటే పోలీసులు కనుగొన్నది కత్తిని కాదు, కత్తులు లోకంలో ఎప్పట్నుంచో ఉన్నాయి. కనుగొన్నది, ఆ చోట అది ఉందన్న సంగతి ఇతనికి తెలుసునన్న విషయాన్ని. దాచాను, చూపిస్తాను అన్నంతవరకు సాక్ష్యం. దాంతోనే పొడిచాను అన్నది పోలీసు ముందు చెప్పిన ఒప్పుకోలు, చెల్లదు. ఆ వస్తువుతోనే హత్య జరిగిందని వేరే దారిలో రుజువు చేసుకోవాలి.

సాక్ష్య చట్టం 27వ సెక్షనుకి ఇప్పటికీ ఆ తీర్పే గీటురాయి. 2024 జులై నుంచి కొత్త చట్టంలో అది 23వ సెక్షను కిందికి చేరింది, గీత మాత్రం అదే. ఠాణాలో దెబ్బలకు ఓర్చుకోలేక అనే మాటకీ, నిజంగా తెలిసి చూపించే చోటుకీ మధ్య అంత సన్నని గీత గీయడం కూడా పనితనమే. పోలీసుల పనితనానికి అది శత్రువు కాదు, ఒరలాంటిది.

విషం విషయంలో ఆ గీత ఇంకా బిగుసుకుంటుంది. 1984లో శరద్ బిర్దీచంద్ సార్దా కేసులో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది కూడా పొటాషియం సైనైడ్ మరణమే. విషం పెట్టి చంపారనాలంటే నాలుగు తేలాలని కోర్టు చెప్పింది. నిందితుడికి కారణం ఉండాలి. చావు విషం వల్లే కావాలి. ఆ విషం అతని దగ్గర ఉండి ఉండాలి. పెట్టే అవకాశం దొరికి ఉండాలి. మూడోది చూడండి. విజయవాడ పూత పనివాడి దాకా వెళ్ళకపోతే ఏలూరు కేసులో ఆ కాలు విరిగి ఉండేది. మంగళూరు వైపు 2003 నుంచి 2009 మధ్య వరసగా ఆడవాళ్ళను చంపిన 'సైనైడ్ మోహన్' కేసులోనూ, కంసాలినని చెప్పి సరుకు కొన్నాడన్న అమ్మకందారు సాక్ష్యం బరువు తూగింది.

ఇక ఆ 'పదిమంది' లెక్క. నాకు అక్కడే కొంచెం ఇబ్బంది. ఆ సంఖ్య ప్రెస్‌మీట్‌లో గుక్కతిప్పుకోకుండా చెప్పేయొచ్చు. కోర్టులో ఒక్కో చావుకీ ఆ నాలుగు ప్రశ్నలూ మొదట్నుంచీ అడుగుతారు. సహజ మరణమనుకుని సాగనంపిన వాటికి విస్రా సీసా ఉండదు, దహనమైతే వెతకడానికి శరీరమే ఉండదు. సరిగ్గా అదే అక్టోబరులో కేరళ కూడత్తాయిలో ఇలాంటి కథే బయటపడింది. 2002 నుంచి 2016 దాకా ఒకే కుటుంబం చుట్టూ ఆరు మరణాలు. సమాధులు తవ్వి తీసిన నలుగురి అవశేషాల్లో సైనైడ్ కనపడలేదని 2023లో హైదరాబాద్ కేంద్ర ఫోరెన్సిక్ ల్యాబు నివేదిక వచ్చింది. అంటే పెట్టలేదని కాదు, పెట్టారనీ కాదు. ఏళ్ళు గడిచాక ఈ ఆయుధం మట్టిలో కూడా నిలవదు. ఒక్క శరీరంలో, సమయానికి, నిక్కచ్చిగా దొరికిన జాడ విలువ పది అనుమానాల కన్నా ఎక్కువ.

ఏలూరు హత్యలు బయటపడ్డ మరుసటేడు, 2020 డిసెంబరులో, అదే ఊళ్ళో వందలమంది ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోయారు. ఢిల్లీ ఎయిమ్స్ రక్తనమూనాల్లో సీసం, నికెల్ చూసింది, జాతీయ పోషకాహార సంస్థ పురుగుమందుల వైపు చూసింది. దేశంలో పేరున్న ల్యాబులన్నీ ఆ ఊరి వైపు తిరిగాయి. అంతమంది కళ్ళముందు పడిపోతే వెతకమని ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒంటరిగా ఒకడు పడిపోతే, వెతకమని అడిగే నోరు ఇంట్లోంచే రావాలి. 2024 సెప్టెంబరులో తెనాలిలో నగలూ డబ్బూ కోసం సైనైడ్ కలిపి ఇచ్చి నలుగురిని చంపారన్న ఆరోపణ మీద ముగ్గురు ఆడవాళ్ళను గుంటూరు జిల్లా పోలీసులు అరెస్టు చేశారు. సరుకు అదే, దురాశ అదే. బాధితులకు తెలిసినవాళ్ళే ఇచ్చారన్నదీ అదే. హఠాత్తుగా పోయిన మనిషి వెంట వస్తువులు కూడా మాయమైతే, దహనానికి ముందు ఒక ఫిర్యాదు రాసివ్వడానికి ఒక కాగితం, ఒక పూట చాలు. పోస్టుమార్టం అంటే శవాన్ని పాడుచేయడమనుకునే బంధువులు అడ్డుపడతారు, సర్దుకుపొమ్మనే పెద్దలు వస్తారు. ఏలూరులో ఆ ఇంటివాళ్ళు వాళ్ళందరినీ దాటుకుని అడిగారో, ఎవరూ అడ్డురాలేదో గానీ, అడిగారు.