కృష్ణపట్నం క్యూలో ఎవరున్నారు?

2021 మే 21న నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో నాటువైద్యుడు ఆనందయ్య ఇచ్చే కరోనా మందు కోసం వేలమంది ఎగబడితే, చదువులేని జనం, మూఢనమ్మకం అని చాలామంది తేల్చేశారు. ఆ రోజు ముత్తుకూరు దారిలో బారులు తీరిన కార్లకు, అంబులెన్సులకు ఆ మాట అతకదు. పొరుగు రాష్ట్రాల నుంచీ వచ్చారు. అయినా చదువుకున్నవాళ్లు అప్పుడు చేసిందేమిటి? వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నవంబరులోనే సూచించిన రెమ్‌డెసివిర్‌ను బ్లాకులో కొన్నారు. కరోనా నుంచి కోలుకున్న ప్లాస్మా దాతల కోసం వాట్సాప్ గ్రూపులన్నీ గాలించారు. ఆ ప్లాస్మాను మే 17న చికిత్సల జాబితా నుంచి తీసేశారు. డాక్టరు మాటే వారానికోసారి మారుతూ, బెడ్డు దొరక్క, దొరికినచోట లక్షల్లో అడ్వాన్సు అడుగుతుంటే మనిషి ఎటు పోతాడు? కృష్ణపట్నంలో మందు ఉచితం. పైగా అందులో పడేవి మారేడు ఇగుర్లు, నేరేడు ఇగుర్లు, వేప, పసుపు, తోక మిరియాలు, తేనె. అన్నీ పేరు తెలిసినవే. ఇంజక్షను సీసా మీద రాసింది ఎంతమందికి అర్థమవుతుంది? ఇంటి వైద్యం వైపు మళ్లించేది అజ్ఞానం కంటే ఎక్కువగా ఈ నిస్సహాయతేనని నా వాదన.

అలాగైతే ఆసుపత్రి మందూ, నాటుమందూ రెండూ ఒకటేనా అంటారు. కాదు. ప్లాస్మాను తీసేయగలిగారంటే, అంతకుముందే భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 39 ఆసుపత్రుల్లో 464 మంది మీద దాన్ని పరీక్షించి, ప్రాణాలు కాపాడడంలో తేడా కనబడలేదని ఒప్పుకొంది కాబట్టి. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ నిలిచిందీ పరీక్షకు నిలబడే. నాటుమందుకు ఓడిపోయే అవకాశమే ఇవ్వం. నయమైతే మందు మహిమ, పోతే ఆలస్యంగా తెచ్చారంటాం. (కరోనా సోకినవాళ్లలో ఎక్కువమంది ఏ మందూ లేకుండానే కోలుకున్నారన్న సంగతి ఈ లెక్కలోకి రానే రాదు.) ఆకుపసరే కదా, హానేముంటుందన్నది ఇంకో మాట. ఆనందయ్య మందుల్లో తెల్లజిల్లేడు పూలూ ఉన్నాయి. జిల్లేడు పాలు కంట్లో పడితే ఏమవుతుందో పల్లెటూళ్లో ఎవర్నడిగినా చెబుతారు. ముళ్ల వంకాయ గుజ్జు, తేనెతో చేసి అక్కడే వేసిన కంటి చుక్కల సంగతే చూడండి. శుభ్రత పరీక్ష లేని చుక్క, సూటిగా కంట్లోకి. మే 31న రాష్ట్ర ప్రభుత్వం నోటి మందుల్లో కొన్నిటికి అనుమతిచ్చి చుక్కల మందును ఆపింది. డాక్టరు రాసిన మందులు మానొద్దనీ చెప్పింది. ఆ విభజన సబబైనదే.

కషాయం కాచుకుంటే కాచుకోండి, గొంతుకు హాయి. రక్తంలో ఆక్సిజన్ 94 శాతం కిందికి దిగితే మాత్రం ఆసుపత్రికే వెళ్లండి. కంట్లో ఏ పసరూ పోయకండి.