ఒక్క పంక్తిలో యాదృచ్ఛిక సంఖ్య

టెర్మినల్‌లో, అంటే ఆదేశాలను టైపు చేసి కంప్యూటరు చేత పని చేయించే తెరపై, ఒక్క పంక్తితో యాదృచ్ఛిక సంఖ్యను, అనగా ముందుగా ఊహించ వీలులేని సంఖ్యను, పుట్టించడం సిస్టమ్ నిర్వాహకుల నిత్యకృత్యాలలో ఒకటి. చూడడానికి చిన్నదే అయినా ఇందులోని పనితనం ఎంతో మెచ్చదగినది.

బాష్ షెల్‌లో, అంటే టైపు చేసిన ఆదేశాలను చదివి అమలు చేసే ప్రోగ్రాములో, ర్యాండమ్ అనే చలరాశిని అడిగిన ప్రతిసారీ 0 నుంచి 32767 వరకు ఏదో ఒక సంఖ్య వస్తుంది. దానిని 100తో భాగించి శేషాన్ని తీసుకుంటే వందలోపు సంఖ్య దొరుకుతుంది గాని, మొత్తం 32768 విలువలు నూరు సమభాగాలుగా తెగవు కనుక, 0 నుంచి 67 వరకు గల ఒక్కొక్క శేషానికి 328 అవకాశాలు, మిగిలినవాటికి 327 మాత్రమే దక్కుతాయి. ఇంతటి స్వల్ప పక్షపాతాన్ని కూడా ఓర్వని నిర్వాహకులు గ్నూ వారి షఫ్ ఆదేశాన్ని ఎంచుకుంటారు. హద్దులు, కావలసిన సంఖ్యల లెక్క చెబితే చాలు, అది పేకముక్కలు కలిపినట్లు కలిపి, ఒకసారి వచ్చినది మళ్లీ రాకుండా తీసి ఇస్తుంది.

పాస్‌వర్డుల వంటి రహస్యాలకు మాత్రం బాష్ చలరాశి పనికిరాదు, ఎందుకంటే దాని బీజం, అంటే లెక్క మొదలయ్యే విలువ, తెలిస్తే వరుస అంతా తెలిసిపోతుంది. అక్కడ లినక్స్ కెర్నల్, అంటే ఆ నిర్వహణ వ్యవస్థ మూలభాగం, పరికరాలు పంపే అంతరాయ సంకేతాల సమయాలలోని అనిశ్చితిని పోగుచేసి యురాండమ్ ఫైలు ద్వారా అందించే బైట్లే శరణ్యం. అయితే బాష్ చలరాశి బీజాన్ని కావాలని నిర్ణయించి, నిన్న విఫలమైన పరీక్షను నేడు అదే వరుసతో తిరిగి నడిపి లోపాన్ని పట్టుకోవడం ఈ విద్యలో అన్నిటికన్నా గొప్ప నేర్పు.