ఎండ కోసం వచ్చినవాళ్ళ దినచర్యలు

దక్షిణ స్పెయిన్‌లో ఇల్లు కొనుక్కునో అద్దెకు తీసుకునో స్థిరపడిన ఇంగ్లీషువాళ్ళు, డచ్చివాళ్ళు, జర్మన్లు కరోనా రోజుల్లో రాసుకున్న దినచర్యలూ, యాత్రా వ్యాసాలూ చాలా వున్నాయి. రాసినవాళ్ళలో పేరుమోసిన రచయితలు తక్కువ. ఎక్కువమంది పెన్షను మీద బతికే మాజీ ఉపాధ్యాయులు, నర్సులు, చిన్న ఉద్యోగులు, ఇంట్లో కూర్చుని ఏ లండను కంపెనీకో కంప్యూటరు మీద పనిచేసిపెట్టేవాళ్ళు. రెండేళ్ళుగా వీటిని వరసగా చదువుతున్నాను. ఆ సంగతి తెలిసి మా కాలేజీ ఎం.ఏ. విద్యార్థి ఒకడు, "సార్, మన వలసకూలీలు వందల మైళ్ళు నడిచి ప్రాణాలు పోగొట్టుకున్న ఏడాదిలో, సముద్రం ఒడ్డున కాఫీ దొరకలేదని బాధపడ్డవాళ్ళ రాతలు మనకెందుకు?" అని అడిగాడు. ప్రశ్నలో వున్న కోపం న్యాయమైనదే. అయితే రచయిత వర్గం తెలియగానే రచన విలువ తేలిపోయిందనుకోవడాన్ని విమర్శ అనను, బద్ధకం అంటాను. మన పత్రికల్లో ఈ బద్ధకం కొత్తదేమీ కాదు.

ముందు "ఎక్స్‌పాట్" అనే మాట సంగతి చూద్దాం. ఇంగ్లండునుంచి మలగా జిల్లాకు వచ్చి స్థిరపడినవాడు ఎక్స్‌పాట్. మొరాకోనుంచి అల్మేరియా జిల్లాకు వచ్చినవాడు ఇమ్మిగ్రెంట్. ఇద్దరూ పరాయి దేశస్థులే. ఇద్దరికీ స్పానిష్ అంతంతమాత్రమే. ఇద్దరూ కాగితాలకోసం కార్యాలయాల ముందు నిలబడవలసినవాళ్ళే. ఒకడు డబ్బు ఖర్చుపెట్టడానికి వచ్చాడు, రెండోవాడు సంపాదించడానికి వచ్చాడు. మాటలో తేడా అంతా అక్కడ పుట్టింది. దీన్ని చూసి నవ్వుకునే హక్కు మనకు లేదు. డల్లాసులో వున్నవాణ్ణి "ప్రవాసాంధ్రుడు" అని సభకు పిలిచి శాలువా కప్పుతాం. సిరిసిల్లనుంచి దుబాయి పోయి సిమెంటు మోసేవాడు మనకు ఎప్పటికీ వలసకూలీయే.

ఈ దినచర్యల్లో గొప్ప గుణం ఒకటుంది. అది వివరం. 2020 మార్చి 14న స్పెయిన్ ప్రభుత్వం దేశమంతటా "అలారం స్థితి" ప్రకటించింది. తిండి కొనుక్కోవడానికి, మందులకు, తప్పనిసరి ఉద్యోగానికి తప్ప గడప దాటకూడదన్నారు. కుక్కను తిప్పుకురావడానికి మాత్రం అనుమతి వుంది. పిల్లల్ని తిప్పడానికి లేదు. ఏప్రిల్ 26 దాకా, అంటే ఆరు వారాలపాటు, పిల్లలు వీధి మొహం చూడలేదు. కుక్కకున్న స్వేచ్ఛ బిడ్డకు లేకపోవడంమీద ఈ రచనల్లో ఎన్ని చమత్కారాలో! మే 2 నుంచి పెద్దవాళ్ళు పొద్దున ఆరు మొదలు పది దాకా, రాత్రి ఎనిమిది మొదలు పదకొండు దాకా, ఇంటికి కిలోమీటరు దూరం మించకుండా నడవవచ్చన్నారు. డెబ్బై దాటినవాళ్ళకు వేరే గంటలు పెట్టారు. జనాభా 5,000 మించని వూళ్ళకు ఈ గంటల నియమం లేదు. అల్పుహార్రా కొండల్లోని చిన్న వూళ్ళవాళ్ళకు తీరంమీది పట్టణాలవాళ్ళకు లేని అదృష్టం పట్టిందన్నమాట. సెవిల్యాలోనూ మలగాలోనూ ఈస్టరుకు ముందు వారం జరిగే వూరేగింపులు 2020లోనూ లేవు, 2021లోనూ లేవు. విగ్రహాలు చర్చీల్లోనే వుండిపోయాయి. ఇవన్నీ ప్రభుత్వ గెజెట్టులోనూ వార్తాపత్రికల్లోనూ దొరుకుతాయి, నిజమే. కాని ఆంక్ష మనిషి ఒంటికి తగిలినప్పటి నొప్పి గెజెట్టులో దొరకదు. రేపు చరిత్ర రాయబోయేవాడు ఈ పెన్షనర్ల దగ్గరికి రాక తప్పదు.

ప్రయాణాల భాగం మరీ ఆసక్తికరం. 2020 నవంబరు 10 నుంచి అందలూసియాలో ప్రతి మునిసిపాలిటీ సరిహద్దూ మూసేశారు. అక్కడ మునిసిపాలిటీ అంటే పట్టణమనే కాదు, నాలుగు వందల గడప వున్న పల్లె కూడా మునిసిపాలిటీయే. అవసర వస్తువులవి తప్ప మిగతా దుకాణాలు సాయంత్రం ఆరింటికే కట్టెయ్యాలి. గ్రనాడా జిల్లాలోనైతే అసలు తెరవనేకూడదు. 2021 జనవరిలో లెక్కలు వచ్చాయి. లక్ష జనాభాకు పద్నాలుగు రోజుల్లో 500 కేసులు దాటితే వూరు మూత, 1,000 దాటితే దుకాణాలు కూడా మూత. అంతకుముందు ఏడాది చవక విమానాల్లో మూడు దేశాలు తిరిగివచ్చినవాడు, ఇప్పుడు పక్కవూరి ఆలివ్ తోటదాకా పోగలనా లేదా అని ప్రతివారం అంకెలు చూసుకుంటాడు. సరిగ్గా అప్పుడే, 2021 జనవరి 1 నుంచి, బ్రిటిషువాళ్ళకు ఇంకో సరిహద్దు వచ్చి పడింది. స్పెయిన్ నివాసపత్రం లేనివాడు 180 రోజుల్లో 90 రోజులకు మించి అక్కడ వుండరాదు. ఎండకోసం ఆరు నెలలు ఇక్కడా, మనవల కోసం ఆరు నెలలు అక్కడా గడిపేవాళ్ళు గగ్గోలు పెట్టారు. సరిహద్దు అనేది వాళ్ళ ఒంటికి తగలడం జీవితంలో అదే మొదలు. అక్కడ ఒక్క మెట్టు పైకెక్కి చూసివుంటే, అదే సరిహద్దు మొరాకోవాడికి పుట్టినప్పట్నుంచీ తగులుతూనే వుందని కనిపించేది. నేను చదివినంతలో ఆ మెట్టు ఎక్కినవాళ్ళు బహు తక్కువ.

ఇక కూరగాయల సంగతి. క్యూ ఎంత పొడుగుందో, చేతితొడుగులు ఎవరిచ్చారో, టమాటా ఎంతకు కొన్నారో దినచర్యల్లో వుంటుంది. టమాటా ఎక్కణ్ణుంచి వచ్చిందో వుండదు. అల్మేరియా జిల్లాలో ప్లాస్టిక్ కింద జరిగే సేద్యం 30,000 హెక్టార్లకు పైమాటే. మన రైతులు పాలీహౌస్ అనేవే, కొండల పాదాలనుంచి సముద్రందాకా ఒకదాన్నొకటి ఆనుకుని వుంటాయి. అంతరిక్షంనుంచి తీసిన ఫొటోల్లో ఆ నేలంతా తెల్లగా కనిపిస్తుంది. చలికాలంలో యూరపు తినే టమాటాలో, మిరపలో, దోసలో పెద్ద వాటా ఇక్కడిది. దేశం తలుపులు వేసుకు కూర్చున్నప్పుడు వ్యవసాయాన్ని అవసరమైన పనుల జాబితాలో వుంచారు; ఆ ప్లాస్టిక్ కింద పని ఒక్కరోజు ఆగలేదు. పనిచేసేవాళ్ళు మొరాకోనుంచీ, సెనెగల్, మాలీ వంటి దేశాలనుంచీ వచ్చినవాళ్ళు. వాళ్ళలో చాలామంది నీహార్ చుట్టుపక్కల చెక్కపలకలూ, పారేసిన ప్లాస్టిక్కూ తెచ్చి కట్టుకున్న పాకల్లో, నీటి కుళాయి లేకుండా బతుకుతారు. మాటిమాటికీ చేతులు కడుక్కోమని ప్రభుత్వాలు చాటింపు వేసిన రోజులవి.

పడమటి కొసన వుయెల్వా జిల్లాలో స్ట్రాబెర్రీ పళ్ళు కోయడానికి ఏటా మొరాకోనుంచి ఆడవాళ్ళను తెస్తారు. ఇంటిదగ్గర పిల్లలున్న తల్లుల్నే ఏరుకుంటారు, పని కాగానే తిరిగిపోతారని. 2020లో సుమారు 7,000 మంది వచ్చాక మొరాకో తన సరిహద్దు మూసేసింది. పంట అయిపోయింది, కూలి ఆగిపోయింది, జులై దాకా వాళ్ళకు ఇల్లు చేరే దారి లేదు. కరోనాకు ముందే, ఆ ఏడాది ఆరంభంలో, ఐక్యరాజ్యసమితి తరపున దారిద్ర్యాన్ని పరిశీలించవచ్చిన ఫిలిప్ ఆల్‌స్టన్ వుయెల్వాలో వలసకూలీల పాకలు చూశాడు. ప్రపంచంలో తాను చూసిన అతి హీనమైన నివాసాలతో ఇవి సరితూగుతాయని చెప్పిపోయాడు.

ఇవేవీ దినచర్యల్లోకి రాకపోవడానికి దయలేకపోవడమే కారణమంటే నేనొప్పుకోను. రాత్రి ఎనిమిదింటికి బాల్కనీల్లో నిలబడి ఆస్పత్రి సిబ్బందికోసం చప్పట్లు కొట్టింది వీళ్ళే. పక్కింటి ముసలమ్మకు రొట్టె తెచ్చిపెట్టిందీ వీళ్ళే. లోపం చూపులో వుంది, ఆ చూపుకొక చరిత్ర వుంది. అమెరికన్ రచయిత వాషింగ్టన్ ఇర్వింగ్ 1829లో గ్రనాడా వచ్చి అల్హంబ్రా కోటలో మకాం పెట్టాడు, 1832లో ఆ కోట కథలు అచ్చువేశాడు. అప్పట్నుంచీ బయటివాళ్ళకు అందలూసియా అంటే శిథిలమైన కోట, వెన్నెల, గిటారు. నేల దృశ్యమైపోయింది, ఆ నేలమీది మనిషి దృశ్యంలో బొమ్మ అయిపోయాడు.

జెరల్డ్ బ్రెనన్ ఈ సంప్రదాయానికి లోబడీ లోబడనివాడు. మొదటి ప్రపంచయుద్ధంలో పనిచేసిన ఇంగ్లీషు సైనికాధికారి. చేతిలో కాస్త డబ్బు, వెంట పెట్టెలకొద్దీ పుస్తకాలు. 1920లో యెహెన్ అనే కొండవూళ్ళో ఇల్లు తీసుకున్నాడు. ఆ వూరిని గురించి 1957లో ఆయన ప్రచురించిన "సౌత్ ఫ్రమ్ గ్రనాడా" ఈనాటి ఎక్స్‌పాట్లకు పురాణగ్రంథం. పండగలు, నమ్మకాలు, వంటలు, ప్రేమలు అన్నీ అందులో చక్కగా వున్నాయి. అదే బ్రెనన్ 1943లో "ది స్పానిష్ లాబిరింత్" రాశాడని వీళ్ళకు గుర్తుండదు. భూమి ఎవరి చేతుల్లో వుంది, అందలూసియా కూలీ అరాజకవాది ఎందుకయ్యాడు అనే ప్రశ్నలు ఆ పుస్తకానికి వెన్నెముక. 1936లో మలగా పక్కనే కాపురముండి అంతర్యుద్ధాన్ని కళ్ళారా చూసినవాడికి వూరి అందం ఒక్కటే సరిపోలేదు. మనిషి అతనే, వర్గమూ అదే. నా విద్యార్థి ఆలోచించవలసింది ఇక్కడ.

క్రిస్ స్టివర్ట్ 1999లో రాసిన "డ్రైవింగ్ ఓవర్ లెమన్స్" ఈ తరం దినచర్యలకు దగ్గరి చుట్టం. గొర్రెల బొచ్చు కత్తిరించి బతికినవాడు కనక అందులో పని వుంది, పనిముట్టు వుంది. అయితే నవ్వించాలనే ఆతృత ఎక్కువ. ఆ నవ్వే అనుకరించేవాళ్ళ చేతుల్లో పడి రాని ప్లంబరు, కదలని గుమాస్తా, నల్లబట్టల ముసలమ్మ అనే మూడు బొమ్మలుగా మిగిలింది. కరోనా చేసిన మేలేమన్నా వుంటే, ఈ బొమ్మల్ని కొన్నాళ్ళు మూలకు నెట్టింది.

అన్నిటికన్నా పనికివచ్చే పోలిక హువాన్ గోయ్‌తిసోలో. బార్సెలోనావాడు, అల్మేరియాకు అతనూ బయటివాడే. 1960లో అచ్చయిన "కాంపోస్ దె నీహార్" చిన్న యాత్రాగ్రంథం. ఫ్రాంకో సెన్సారు నెత్తిమీద వుంది కనక నినాదాలకు చోటు లేదు. దారి, దుమ్ము, ఎండ, దారిలో తగిలిన మనుషుల మాటలు, అంతే. అయినా ఆ నేల తన మనుషుల్ని ఎందుకు పోషించలేకపోతోందో, వాళ్ళు వూళ్ళు విడిచి ఎందుకు పోతున్నారో పాఠకుడికి తెలిసిపోతుంది. ఆ పుస్తకంలో ఎండ సుఖం కాదు. ఇప్పుడు ఆ నీహార్ మైదానం తలకిందులైంది. మనుషులు వదిలిపోయిన చోటికే పనికోసం మనుషులు వస్తున్నారు. కాబో దె గాతా సముద్రతీరం చూడడానికి పోయే ఎక్స్‌పాట్లు ఆ మైదానం అంచునే కార్లలో పోతారు. ప్లాస్టిక్‌ను గురించి వాళ్ళు రాసేది ఒక్కటే: కంటికి అసహ్యంగా వుందని.

పెన్షనరును కార్మిక నవల రాయమని నేనడగడంలేదు. రాసినా అది అబద్ధంగా వుంటుంది. తాను రాసుకున్న వివరాన్ని తానే ఇంకొక్క అడుగు వెంబడించమంటున్నాను. న్యూజెర్సీనుంచి మనవాళ్ళు తెలుగులో రాసి పంపే జ్ఞాపకాలకు కూడా నా కొలత ఇదే. వాటిలో మంచు వుంటుంది, సంక్రాంతి ముగ్గు వుంటుంది, పిల్లల వచ్చీరాని తెలుగు వుంటుంది; వాకిట్లో మంచు ఎత్తిపోసేవాడు వుండడు.

అల్మేరియా తీరాన వుండే ఒకావిడ దినచర్యలో 2020 ఏప్రిల్ మొదటివారం నాటి పేజీ ఒకటుంది. అవసరంలేని పనులన్నీ నిలిపివేసిన రోజులు. తెల్లవారుజామున ఆమె రొట్టెకోసం కారులో బయల్దేరింది. పోలీసులు ఆపి ఎక్కడికని అడుగుతారేమోనని గుండె దడదడలాడుతోంది. రోడ్డు అంచున, చీకట్లో, సైకిళ్ళమీద వరసగా మనుషులు పోతున్నారు. ఇంతమందిని పోలీసులు ఎందుకు ఆపడంలేదా అని ఆమె ఆశ్చర్యపోయింది. నేను చదివిన ఈ దినచర్యలన్నిటిలోనూ అతి విలువైన వాక్యం అదే. తర్వాతి వాక్యంలో రొట్టెల దుకాణం వచ్చింది, వేడి రొట్టె దొరికింది. సైకిళ్ళు ఎటు పోయాయో ఆ పేజీలో లేదు.