సున్నపు గీతల పనితనం

తిరుపతి చుట్టుపక్కల స్థలం ధర అంకణాల్లో చెబుతారు. ఇక్కడ అంకణమంటే 36 చదరపు అడుగులు, ఎకరాకు 1210. లేఅవుట్ కొలిచే సర్వేయర్ టేపు అరడుగు జరిగినా కొన్నవాడి గుండె జారుతుంది.

ఆయన పని దగ్గర నిలబడి చూడాలి. రోడ్డు గీత మీద మేకు కొట్టి, ఒకవైపు 30 అడుగులు, అడ్డంగా 40 కొలిచి, ఆ రెండు కొసల మధ్య టేపు సరిగ్గా 50 చూపేదాకా గూటాన్ని జరిపిస్తాడు. అప్పుడుగానీ సున్నం చల్లనివ్వడు. ఇప్పుడు కొలతలకు టోటల్ స్టేషన్ యంత్రాలు వచ్చేశాయి. అయినా రాయి పాతేముందు ప్లాటును ఐమూలగా కొలిచి సరిచూసుకునేవాళ్లంటే నాకు గౌరవం.

‘తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అప్రూవలేనా?’ అన్నది కొనేవాళ్ల మొదటి ప్రశ్న. 2017 నాటి రాష్ట్ర లేఅవుట్ నిబంధనల ప్రకారం కనీసం పది శాతం ఖాళీ జాగా వదలాలి. ఆ పది శాతాన్ని ఎవరికీ అక్కరకు రాని మూలకు నెట్టేవాళ్లున్నారు. పనితెలిసినవాడు పిల్లలు నడిచి వెళ్లేచోట పెడతాడు.

అసలు నేర్పు నీటి దగ్గర. ఊరికి ఉత్తరాన శేషాచలం కొండలు, దక్షిణాన స్వర్ణముఖి. తూర్పు ముఖం ప్లాట్లకే గిరాకీ కాబట్టి వీధులు ఉత్తర దక్షిణాలుగా పడతాయి. నేల వాలూ అటే కాబట్టి, వాస్తు పుణ్యమా అని వాన నీరు వీధి వెంటే దిగిపోతుంది! కానీ వంక పూడ్చితే ఏ వాస్తూ కాపాడదు, 2021 నవంబరు వరదల్లో చూశాం. ఎండిన వంకనూ వంకగానే గీసేవాడు మంచి సర్వేయర్. రెండు ప్లాట్లు పోయాయని యజమాని గొణుగుతాడు. గొణగనీ.