ఎదగనివ్వని తీగ

ఆరుద్ర కార్తెలో వాన పడ్డ మర్నాడు పొలం గట్టు మీద ఎర్రగా, మెత్తగా నడిచే పురుగును చిన్నప్పుడు అరచేతిలో పెట్టుకున్నవాళ్ళకి మఖమల్ అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. కడియపులంకలో ఒక నర్సరీ షెడ్డులో, పచ్చటి షేడ్‌నెట్ కింద, కుండీ అంచు దాటి కిందికి జారుతున్న తీగ ఆకును మొదటిసారి ముట్టుకున్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ పురుగే. ఆకు తమలపాకు ఆకారం, పరిమాణం అందులో సగం. పైన ముదురాకుపచ్చ. కాస్త పక్కకి తిప్పితే రాగి రంగు, ఇంకాస్త తిప్పితే నెమలికంఠం ఛాయ. అడుగున ఎర్రజీర. నూగు ఉందేమోనని వేలితో రాసి చూశాను. నూగు లేదు, ఒట్టి నునుపు.

"దీని పేరేంటండీ?"

"వెల్వెట్ ఫిలో అండి. మైకాన్స్ అని కూడా అంటారండి," అంది మొక్కలకి నీళ్ళు పెడుతున్న ఆవిడ. "నీళ్ళు మాత్రం చూసి పోయండి బాబూ. చాలామంది నీళ్ళతోనే చంపేస్తారండి."

ఆ చాలామందిలో నేనూ ఒకణ్ణని మూడు నెలల్లో తేలిపోయింది. రోజూ పొద్దున కాఫీ కలుపుకుంటూ ఓ గ్లాసు నీళ్ళు దానికీ పోశాను. ఆకులు పసుపెక్కాయి. నీళ్ళు చాలలేదేమోనని రెండో గ్లాసు పోశాను. ఓ ఆదివారం తీగ పట్టుకుని లాగితే వేళ్ళు కుండీలోనే ఉండిపోయి, తీగ ఒక్కటీ చేతిలోకి వచ్చింది. ఇప్పుడు మా ఇంట్లో వేలాడుతున్నది రెండోది. దీనికి ఆరేళ్ళు. పెంపకం గురించి ఇక్కడ చెప్పేవన్నీ ఇది నేర్పినవే.

శాస్త్రజ్ఞుల లెక్కలో ఇది ఫిలోడెండ్రాన్ హెడెరేసియం. గ్రీకులో ఫిలో అంటే ప్రేమ, డెండ్రాన్ అంటే చెట్టు. చెట్టును ప్రేమించే తీగ కనక ఆ పేరు. ఈ ప్రజాతికి 1829లో పేరు పెట్టింది ఆస్ట్రియాకు చెందిన హైన్రిష్ షాట్. మైకాన్స్ అంటే లాటిన్‌లో మెరిసేది. చాలాకాలం దీన్ని వేరే జాతిగానే లెక్కగట్టారు. 1997లో అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు థామస్ క్రోట్ ఈ ప్రజాతి వర్గీకరణను సరిచేస్తూ, మెరిసేదైనా మెరవనిదైనా జాతి ఒకటేనని కలిపేశాడు. పుట్టిల్లు మెక్సికో నుంచి దక్షిణ అమెరికా దాకా పరుచుకున్న వానడవులు, కరీబియన్ దీవులు.

ఆ అడవిని ఒక్కసారి కళ్ళ ముందు పెట్టుకుంటే పెంపకం సగం తెలిసినట్టే. పైన పదంతస్తుల ఎత్తున కొమ్మలు అల్లుకుపోయి ఉంటాయి. వాటిని దాటి నేల దాకా దిగే వెలుతురు నూటికి ఒకటి, రెండు వంతులు. మన తీగ పిల్ల ఆ నేల మీద పాకుతుంది. దాని ఆకు పైపొరలో కణాలు చదునుగా ఉండవు, బుడిపెల్లా పైకి ఉబ్బి ఉంటాయి. ఆ బుడిపెల మీద వెలుతురు విరగడం వల్లే మనకి మఖమల్ మెరుపు కనిపిస్తుంది. గాట్లీబ్ హాబర్లాండ్ అనే ఆస్ట్రియన్ 1905లో ఇలాంటి కణాల మీద ఒక పుస్తకమే రాశాడు. ఇవి చిన్న చిన్న కటకాలని, వెలుతురు ఏ వైపు నుంచి వస్తోందో ఆకు వీటితోనే పసిగడుతుందని ఆయన వాదన. తర్వాతివాళ్ళు నీడలో పెరిగే ఆకుల్ని పరీక్షించి, ఈ ఉబ్బు కణాలు నిజంగానే వెలుతురును కుదించి లోపలి పచ్చకణాల మీదికి పంపుతున్నాయని చూశారు. మనం ముచ్చటపడే మఖమల్ ఆ మొక్కకి పూట గడిచే సాధనం.

అసలు సంగతి ఇంకా ఉంది. ఈ మెరుపు చిన్నతనం మెరుపు. పాకుతూ పాకుతూ తీగకి ఓ మాను దొరికితే, కణుపుల దగ్గర వేళ్ళు తన్ని బెరడును పట్టుకుని ఎక్కుతుంది. ఎక్కేకొద్దీ ఆకు పెద్దదవుతుంది, పైన వెలుతురు దొరికేకొద్దీ మఖమల్ పోయి మామూలు పచ్చాకు అవుతుంది. ఎదిగిన తీగను చూపిస్తే ఇదే అదని నమ్మడం కష్టం. తమలపాకు తోటల్లో అవిసె చెట్లకి తీగ ఎక్కించే రైతుకి ఎక్కే తీగ సంగతి తెలుసు కనక ఆశ్చర్యం ఉండదు. అక్కడ తీగను ఎక్కించడమే వ్యవసాయం. ఇక్కడ తిరకాసు: మనం దాన్ని ఎక్కనివ్వం. ఉట్టిలో పెట్టి కిందికి వేలాడదీస్తాం. పట్టుకోడానికి మాను దొరక్క, అది ఏళ్ళ తరబడి పసిదిగానే ఉండిపోతుంది. వేలాడే మఖమల్ తీగ పెంపకమంతా దాన్ని ఎదగనివ్వకుండా, అలాగని చావనివ్వకుండా చూసే విద్య.

ఈ విద్యలో జనం మొదట తప్పేది ఉట్టి కట్టే ఎత్తు దగ్గర. సినిమాల్లో చూసి సీలింగు కొక్కేనికి తగిలిస్తారు. కిటికీ పై అంచు ఆరడుగుల దగ్గర, కుండీ నోరు ఎనిమిదడుగుల దగ్గర. వేలాడే ఆకులకి వెలుతురు అందుతుంది, కుండీ తలకి అందదు. ఆర్నెల్లలో పైన బోడి, కింద మాత్రం జడ. దీనికి మందూ మాకూ అక్కర్లేదు, తాడు పొడుగు చేసి కుండీ నోరు కిటికీ మధ్యకి దించితే చాలు. వెలుతురు ఎంత ఉండాలన్నదానికి నాకు మీటర్ల మీద నమ్మకం లేదు. మధ్యాహ్నం ఆకుల మీద చెయ్యి అడ్డం పెట్టి నీడ చూస్తాను. నీడ అంచు మసకగా ఉంటే మంచి చోటు. కత్తితో కోసినట్టు నల్లగా పడితే ఎండ ఎక్కువ, ఆకు వెలిసిపోతుంది. నీడే పడకపోతే కణుపుకీ కణుపుకీ మధ్య జానెడు దూరం వచ్చి, ఆకులు రూపాయి బిళ్ళంత అయిపోతాయి. మా ఇంట్లో తూర్పు కిటికీకి మూడడుగుల దూరం సరిపోయింది. పడమటి కిటికీ అయితే తెర ఉండాల్సిందే, మే నెల ఎండ సంగతి మనకి తెలియనిది కాదు.

నీళ్ళ లెక్క రోజుల్లో చెప్పేవాళ్ళని నమ్మకండి. వానాకాలంలో కాకినాడలో పది రోజులు ఆరని మట్టి, ఏప్రిల్‌లో హైదరాబాదులో నాలుగు రోజులకే బీటలు వారుతుంది. వేలు రెండో కణుపు దాకా మట్టిలో దింపి, పొడిగా తగిలితే పోయాలి. పోస్తే అడుగు రంధ్రాల్లోంచి కారేదాకా పోయాలి, లేకపోతే అసలు పోయకూడదు. రోజూ గుక్కెడు పోయడమంత అన్యాయం లేదు. కొన్నాళ్ళకి వేలు కూడా అక్కర్లేదు. కుండీ అడుగున చెయ్యి పెట్టి ఎత్తితే, గ్యాస్ సిలిండర్ నిండుదో ఖాళీదో తెలిసినట్టే తెలిసిపోతుంది. దాహమేసిన ఆకు అంచులు లోపలికి ముడుస్తుంది, నీళ్ళు పోస్తే కొన్ని గంటల్లో విప్పుకుంటుంది. మట్టి తడిగా ఉండి ఆకు పసుపెక్కితే మాత్రం వేళ్ళు చూడాలి. బాగున్న వేరు తెల్లగా గట్టిగా ఉంటుంది. కుళ్ళిన వేరును రెండు వేళ్ళతో లాగితే పైతోలు జారిపోయి లోపల దారప్పోగు మిగులుతుంది.

మట్టి అంటున్నానే గానీ, ఉట్టిలో ఉండాల్సింది నిజానికి మట్టి కాదు. ఈ తీగ వేళ్ళకి తడి ఎంత కావాలో గాలి అంత కావాలి. నర్సరీ నుంచి తెచ్చేటప్పుడు ఎర్రమట్టి ముద్దలో ఉంటే మొదటి నెలలోనే మార్చెయ్యాలి. నేను కలిపేది రెండు వంతుల కొబ్బరి పొట్టు, ఓ వంతు పెర్లైట్, ఓ వంతు వానపాముల ఎరువు, చిన్న చిన్నగా కొట్టిన బొగ్గు ముక్కలు రెండు గుప్పిళ్ళు. కొబ్బరి పొట్టును ముందు రెండు మూడు నీళ్ళు కడగాలి, అందులో ఉప్పు ఉండొచ్చు. ఎరువంటారా, వేసవిలోనూ వానల్లోనూ నెలకోసారి పంతొమ్మిది-పంతొమ్మిది-పంతొమ్మిది ఎన్‌పీకే పొడి లీటరు నీళ్ళకి అర గ్రాము. చలికాలంలో ఏమీ వద్దు. బియ్యం కడిగిన నీళ్ళు పోయమని మా పెద్దమ్మ ఇప్పటికీ చెబుతుంది. పెరట్లో గులాబీకి అది బాగానే ఉంటుంది పెద్దమ్మా, హాల్లో పోస్తే మూడో రోజుకి చిన్న చిన్న దోమలు లేచి టీవీ ముందు ఎగురుతాయి.

నీళ్ళలో మరో చిక్కు ఉంది. బోరు నీళ్ళు ఆకు మీద పడి ఆరితే తెల్లమచ్చ మిగులుతుంది. మామూలు ఆకయితే తుడిస్తే పోతుంది. మఖమల్ బుడిపెల సందుల్లో చేరిన సున్నం ఎంత తుడిచినా పోదు, గట్టిగా రుద్దితే మెరుపే చెదురుతుంది. అందుకే నేను దీని మీద నీళ్ళు చల్లను. చల్లినందువల్ల గాలిలో పెరిగే తేమ కాసేపటికే ఆరిపోతుంది, మచ్చలు మాత్రం ఆకు రాలేదాకా ఉంటాయి. ఆర్వో యంత్రం వదిలేసే నీళ్ళు ఇంకా అన్యాయం, బోరులోని ఉప్పంతా అందులోనే పోగవుతుంది. వాన నీళ్ళు పట్టుకోగలిగితే సరే, లేకపోతే ఏసీ గొట్టంలోంచి బకెట్టులో పడే నీళ్ళు. వాటిలో సున్నం ఉండదు. ఎండాకాలంలో తేమ కోసం ఏమీ కొననక్కర్లేదు, కూలర్ ఉన్న గదిలోకి మారిస్తే చాలు, గాలి నేరుగా తగలకుండా. దుమ్ముకి బొమ్మలేసే మెత్తటి బ్రష్షు. కొబ్బరినూనె రాసి నిగనిగలాడించాలన్న బుద్ధి నాకూ ఒకసారి పుట్టింది. ఆ ఆకు వారంలో నల్లబడింది.

ఇక కత్తిరింపు. ఏ తీగయినా కొస బతికున్నంతకాలం పక్క మొగ్గల్ని లేవనివ్వదు. కొసలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కిందికి దిగుతూ వాటిని అణచిపెడుతుంది. కొస తుంచితే కణుపుల దగ్గర నిద్రపోతున్న మొగ్గలు లేస్తాయి. కత్తెర కణుపుకి అర అంగుళం కింద పెట్టండి. ప్రతి ముక్కకీ ఒక కణుపు, ఒక ఆకు ఉండాలి. కణుపు లేని ముక్క నీళ్ళలో నెల పెట్టినా కుళ్ళడమే. కణుపును పరకాయించి చూస్తే గోధుమరంగు బుడిపె ఒకటి కనిపిస్తుంది. అదే రాబోయే వేరు. నేను ఈ ముక్కల్ని తడి కొబ్బరి పొట్టు మీద పడుకోబెట్టి మిఠాయి డబ్బాలో మూత పెట్టేస్తాను. రెండు మూడు వారాల్లో తెల్లటి వేళ్ళు దిగుతాయి. కొత్త ఆకు సన్నటి పొరలో చుట్టుకుని గులాబీ రంగులో బయటికొస్తుంది, పొర ఎండి రాలిపోతుంది.

మిఠాయి డబ్బా విద్య నాది కాదు. 1829లో లండన్‌లో నాథనియల్ వార్డ్ అనే వైద్యుడు కీటకాల మీద ఇష్టంతో ఒక ప్యూపాను తడిమట్టితో సీసాలో పెట్టి మూత బిగించాడు. అందులో అనుకోకుండా ఫెర్న్ మొలిచింది. బొగ్గుపొగతో నిండిన ఆ ఊళ్ళో బయట వేస్తే చచ్చిపోయే మొక్క మూసిన సీసాలో బతికింది, ఎందుకంటే లోపలి తడి లోపలే తిరుగుతోంది. అలాంటి అద్దాల పెట్టెల్లోనే తర్వాత ఉష్ణమండలపు మొక్కలు సముద్రాలు దాటాయి. రాబర్ట్ ఫార్చ్యూన్ చైనా తేయాకు మొక్కల్ని మన హిమాలయ తోటలకి చేర్చింది కూడా ఆ పెట్టెల్లోనే. పొద్దున్నే టీ తాగే ఇంట్లో ఆ డబ్బాకి కాస్త గౌరవం ఇవ్వొచ్చు.

వేళ్ళొచ్చిన ముక్కల్ని బోడి తల ఉన్న చోటే మళ్ళీ నాటుతాను. లేదా పొడుగు తీగను పైకి చుట్టి, కణుపును మట్టికి ఆనించి తలపిన్నుతో గుచ్చుతాను. మా ఇంటావిడ పిన్నులు కనిపించడం లేదని వెతికినప్పుడల్లా నేను పేపరు చదువుతుంటాను.

పిండినల్లి వస్తే ఆకు తొడిమ మూలల్లో దూది అంటుకున్నట్టు ఉంటుంది. దూదిపుల్లను స్పిరిట్‌లో ముంచి పురుగుకి మాత్రమే అద్దాలి, ఆకుకి తగిలితే కాలుతుంది.

ఈ తీగ కంద, చేమల కుటుంబంది. మన వంటింట్లో కందను చింతపండుతో ఉడికించేది దేనికో, ఆ కాల్షియం ఆక్సలేట్ సూదులే దీని ఆకుల్లోనూ ఉన్నాయి. నమిలితే నోరు మండి నాలుక వాస్తుంది. పిల్లలకీ పిల్లులకీ అందనివ్వకండి. వెనకటికి ఉట్టి కట్టింది పిల్లి నుంచి వెన్నను కాపాడటానికి, ఇప్పుడు తీగ నుంచి పిల్లిని కాపాడటానికి.

గాలి శుభ్రం చేస్తుందని చెప్పి అమ్మేవాళ్ళ మాట మాత్రం నేను చెప్పలేను. ఆ నమ్మకానికి మూలం 1989 నాటి నాసా నివేదిక. అందులో దీని తోబుట్టువు లాంటి పచ్చటి ఫిలోడెండ్రాన్ కూడా ఉంది. కానీ ఆ ప్రయోగాలు బిగించిన చిన్న గదుల్లో చేసినవి. 2019లో ఇద్దరు అమెరికన్ పరిశోధకులు అలాంటి ప్రయోగాలన్నీ కలిపి లెక్కేస్తే, మామూలు ఇంట్లో వచ్చీపోయే గాలితో సమానం కావాలంటే చదరపు మీటరుకి పది నుంచి వెయ్యి మొక్కలు కావాలని తేలింది. అన్ని మొక్కలు పెడితే మనుషులు వరండాలో పడుకోవాలి. కిటికీ తీస్తే సరిపోయేదానికి తీగ మీద భారం వెయ్యడం దేనికి?

పోయిన సంక్రాంతికి సున్నాలు వేయించడానికి పుస్తకాల బీరువా జరిపాం. ఉట్టిలోని తీగ ఒకటి ఎప్పుడు దారి మళ్ళిందో, బీరువా వెనక చీకట్లోకి దూరింది. దీని బంధువు మాన్‌స్టెరా మొలకలు వెలుతురు వైపు కాక చీకటి వైపే పాకుతాయని 1975లో ఇద్దరు శాస్త్రజ్ఞులు రాశారు. అడవిలో అతి చీకటిగా ఉండే చోటు పెద్ద మాను మొదలే కనక. మా తీగకి మాను బదులు గోడ దొరికింది. చీకట్లో నాలుగడుగులు ఆకు లేకుండా వేళ్ళతో గోడను పట్టుకుని ఎక్కి, పైన వెంటిలేటర్ దగ్గర తేలింది. అక్కడ ఒకదాన్ని మించి ఒకటిగా ఐదాకులు. చివరిది నా అరచేతికన్నా పెద్దది. దాని మీద చెయ్యి పెట్టి చూశాను. మఖమల్ దాదాపు లేదు.

"పీకెయ్యమంటారా సార్?" అన్నాడు రంగులేసే కుర్రాడు, బ్రష్షు పట్టుకుని.

ఆ గోడకి ఈసారి సున్నం వద్దులే అన్నాను.