నూనె ముందు, పిండి తర్వాత

తెల్ల తువ్వాలుకు అంటిన పసుపు మరకను సబ్బు పెట్టి ఉతకబోయిన ప్రతి ఇల్లాలికీ ఆ చిన్న వింత తెలుసు. సబ్బు తగిలీ తగలగానే మరక ఇటుక రంగులోకి తిరుగుతుంది. నాలుగుసార్లు జాడిస్తే ఎరుపు పోయి మళ్లీ పసుపు తేలుతుంది. పసుపులో సున్నం కలిపి పారాణి చేసే చేతులకు ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు. సున్నమైనా, సబ్బయినా క్షారమే. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది.

అదే తువ్వాలు మీద తడిపిన పెసరపిండి రుద్ది చూస్తే రంగు మారదు. పసుపు పసుపుగానే ఉంటుంది.

ఒంటికి ఏది హితవో చెప్పడానికి ఈ మరక మంచి సాక్షి. మనిషి చర్మం పైపొర సహజంగానే కాస్త పులుపు వైపు ఉంటుంది. పీహెచ్ లెక్కలో చెప్పాలంటే సుమారు 4.5 నుంచి 5.5 దాకా. 1928లో జర్మన్ శాస్త్రవేత్తలు ఈ పలచటి పొరకు ‘ఆమ్ల కవచం’ అని పేరు పెట్టారు. హాని చేసే సూక్ష్మజీవులను అదుపులో పెట్టడం, లోపలి తేమ ఆవిరైపోకుండా కాయడం దాని పని. మామూలు స్నానపు సబ్బు పీహెచ్ 9, 10 మధ్య ఉంటుంది. సబ్బుతో కడుక్కున్న చర్మం మళ్లీ తన స్థితికి చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఒళ్లు దాన్ని తట్టుకుంటుంది. పసిపిల్లలకు, వయసు పైబడినవారికి, ఎగ్జిమా ఉన్నవారికి అది భారం. చలికాలంలో స్నానం చేసిన గంటకే పిక్క మీద గోరుతో గీస్తే తెల్లచార పడేది ఇందుకే.

పీహెచ్ అనే మాట పుట్టకముందే తెలుగు ఇళ్లలో నలుగు పిండి డబ్బా ఉంది. సున్నిపిండి అని కూడా అంటారు. వినాయక చవితి కథలో పార్వతీదేవి బొమ్మ చేసి ప్రాణం పోసింది ఈ నలుగు పిండికే. భోగినాడు, దీపావళి తెల్లవారుజామున, పెళ్లికి ముందు వధూవరులను పీటల మీద కూర్చోబెట్టినప్పుడు ఆ డబ్బా తప్పకుండా బయటికి వస్తుంది. మిగతా రోజుల్లో అది షెల్ఫు చివరికి పోవడమే బాధ కలిగించే విషయం. పండగకు పనికొచ్చిన వస్తువు మామూలు ఆదివారానికి పనికిరాకుండా పోదు.

ఆ పిండి తయారీ చూస్తే అందులో ఎంత జాగ్రత్త ఉందో అర్థమవుతుంది. ఇంటింటికీ లెక్క మారుతుంది గానీ, ఒక మంచి కొలత ఇది: పెసలు కిలో, శనగపప్పు అరకిలో, బియ్యం పావుకిలో, కస్తూరి పసుపు 50 గ్రాములు, వట్టివేళ్లు 50 గ్రాములు, దొరికితే గుప్పెడు ఎండు గులాబీ రేకులు. వంటపసుపు బదులు కస్తూరి పసుపు వేయడానికి కారణం ఉంది. అది వేరే జాతి దుంప, రంగు పెద్దగా అంటదు, సువాసన ఉంటుంది. అన్నింటినీ రెండు మూడు రోజులు ఎండబెట్టాలి. చేట కదిపితే గలగలమనాలి. వట్టివేళ్లను కత్తెరతో చిన్న ముక్కలు చేయాలి, లేకపోతే మరలో చుట్టుకుంటాయి.

ఇక మర దగ్గర అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ‘ఇందాక ఏం ఆడించారు?’ మిరపకాయలు ఆడించిన మరలో నలుగు పిండి ఆడిస్తే ఒళ్లంతా భగ్గుమంటుంది. ముందు బియ్యమో గోధుమలో పడేదాకా ఓపిగ్గా నిలబడాలి. ఇంటికి తెచ్చిన పిండిని వేడి చల్లారాకే డబ్బాలో పోయాలి. పెద్దవాళ్ల ఒంటికి జల్లెడ పట్టిన పిండి సరిపోతుంది. ముఖానికి మాత్రం వస్త్రగాళితం పట్టాల్సిందే. వేళ్ల మధ్య రుద్దితే పౌడరులా జారాలి, ఇసుకలా గరగరలాడితే అది ముఖానికి పనికిరాదు. బియ్యం రవ్వ తగిలితే కంటికి కనిపించని గీతలు పడతాయి, మొటిమలున్నచోట మంట రేగుతుంది.

తయారీ కంటే ముఖ్యమైనది వరస. వాగ్భటుడి ఆయుర్వేద గ్రంథం అష్టాంగ హృదయంలో దినచర్య అధ్యాయం ఈ పనులను ఒకదాని తర్వాత ఒకటి చెబుతుంది: ముందు అభ్యంగనం, అంటే నూనె. తర్వాత ఉద్వర్తనం, అంటే చూర్ణంతో నలుగు. ఆ తర్వాత స్నానం. తెలుగు ఇళ్లలోనూ ఇదే వరస. గోరువెచ్చటి నువ్వుల నూనె ఒంటికి పట్టించి అరగంట ఆగాలి. ఆ తర్వాతే పిండి.

ఆవకాయ కలిపిన చేతులకు శనగపిండి రాసి కడుక్కునే అలవాటు చాలామందికి ఉంది. అదెలా పనిచేస్తుందో నలుగూ అలాగే పనిచేస్తుంది. పిండిలోని పిండిపదార్థం, మాంసకృత్తులు నూనెను పీల్చుకుంటాయి, ఆ నూనెతో పాటు మట్టీ మురికీ ఊడివస్తాయి. పప్పుధాన్యాల్లో కాస్తంత సాపోనిన్లు కూడా ఉంటాయి. కుంకుడుకాయ నురగకు కారణమైనవి ఇవే. మిగిలిన పలచటి నూనె పొర చర్మం మీదే ఉండిపోయి తేమను కాపాడుతుంది. నూనె రాయకుండా పొడిపిండి రుద్దుకుంటే ఈ మేలంతా పోతుంది. పిండి ఒంట్లో ఉన్న కాస్త జిడ్డునూ పీల్చేసి చర్మాన్ని బిరుసుగా వదిలేస్తుంది. ‘నలుగు పెట్టుకుంటే నాకు ఒళ్లు పొడిబారుతుంది’ అనేవారిని అడిగితే, నూనె మెట్టు దాటేశామనే ఎక్కువమంది చెబుతారు.

చేతివాటం కూడా నేర్చుకోవాల్సిందే. పిండిని పెరుగుతోనో నీళ్లతోనో గరిటె జారుగా కలపాలి. ఒంటి మీద పట్టులా ఎండిపోయేదాకా ఆగకూడదు. ఇంకా తడిగా ఉండగానే అరచేత్తో మెల్లగా రుద్దితే పిండి వత్తుల్లా చుట్టుకుని రాలిపోతుంది. గట్టిగా రుద్దినకొద్దీ శుభ్రం కాదు. చర్మం తన పైపొరను సుమారు నాలుగు వారాలకోసారి తానే మార్చుకుంటుంది, రాలిపోవడానికి సిద్ధమైన పొట్టును కదిలించడం వరకే నలుగు పని. అపార్ట్‌మెంట్లలో ఉన్నవారు జాలీ మీద పాత పలచటి గుడ్డ పరిస్తే గొట్టాలు పూడవు.

బోరు నీళ్లతో స్నానం చేసే ఊళ్లలో నలుగుకు మరో ఉపయోగం ఉంది. గట్టినీళ్లలోని కాల్షియం సబ్బుతో కలిసి కరగని మడ్డి అవుతుంది. బకెట్టు అంచున తెల్లగా పేరుకునేది అదే, ఒంటి మీద జిగటగా మిగిలేదీ అదే. పిండికి ఈ బెడద లేదు.

నూనె విషయంలో శాస్త్రం కూడా కొంత పరీక్షించి చూసింది. ఫిలిప్పీన్స్‌లో చేసి 2004లో ప్రచురించిన పరిశోధనలో, పొడిచర్మం ఉన్నవారికి కొబ్బరి నూనె, మినరల్ ఆయిల్ దాదాపు సమానంగా మేలు చేశాయి. ఢాకాలోని ఒక ఆస్పత్రిలో నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు పొద్దుతిరుగుడు నూనె పట్టిస్తే ఇన్‌ఫెక్షన్లు తగ్గాయని 2005లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. అలాగని అన్ని నూనెలూ ఒకటి కావు. ఆవనూనె చర్మపు రక్షణ పొరను దెబ్బతీస్తుందని ఎలుకల మీద చేసిన పరీక్షల్లో తేలింది.

పసిపిల్లల దగ్గర మాత్రం పెద్దవాళ్లు ఒక అలవాటు మార్చుకోవాలి. పుట్టిన బిడ్డకు కనీసం 24 గంటలు స్నానం చేయించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బిడ్డ ఒంటి మీద ఉండే తెల్లటి వెన్నలాంటి పూత మురికి కాదు, తల్లి కడుపు నుంచి తెచ్చుకున్న లేపనం. నూగు పోవాలని శనగపిండి ముద్దతో రుద్దే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ నూగు కొన్ని వారాల్లో తనంతట తానే రాలిపోతుంది. మిగిలేది బిడ్డ ఏడుపు, ఎర్రబడిన చర్మమే. నూనె మర్దనా పిల్లలకు హాయి, పిండి రాపిడికి తొందరపడక్కర్లేదు.

సహజమైనదంతా క్షేమమనే నమ్మకం దగ్గరే అసలు ప్రమాదం ఉంది. మొదటి ముద్దాయి నిమ్మరసం. దాని పీహెచ్ సుమారు 2, చర్మపు పులుపు కంటే వందల రెట్లు ఘాటు. పసుపు మరక పరీక్షలో నిమ్మరసం నెగ్గుతుంది, రంగు మారదు. కానీ ఆ పరీక్ష క్షారాన్నే పట్టిస్తుంది, పులుపు మితిమీరితే చెప్పలేదు. పైగా నిమ్మజాతి రసం అంటిన చర్మానికి ఎండ తగిలితే బొబ్బలు రావచ్చు, నెలల తరబడి పోని నల్లమచ్చలు పడవచ్చు. మచ్చలు పోవాలని నిమ్మచెక్క రుద్దుకుని కొత్త మచ్చలు తెచ్చుకోవడం కంటే అన్యాయం ఏముంటుంది?

రెండోది వంటసోడా. దాన్ని పసుపు నీళ్లలో వేస్తే ఎర్రదనం కళ్ల ముందే కనిపిస్తుంది, ముఖానికి ఎందుకు వద్దో వేరే చెప్పక్కర్లేదు. మూడోది బావంచాలు. కొన్ని ఇళ్ల నలుగు పిండి జాబితాలో ఇవి తరతరాలుగా ఉన్నాయి. బావంచాల్లో సోరాలెన్ అనే పదార్థం ఉంది, అది ఎండకు చర్మాన్ని అతి సున్నితంగా చేస్తుంది. బొల్లి చికిత్సలో ఆ గుణాన్నే వాడతారు, అదీ వైద్యుల పర్యవేక్షణలో. నలుగు పెట్టుకుని ఎండలోకి వెళ్లే మనిషికి ఆ గింజలు అక్కర్లేదు. జాబితా అమ్మమ్మ చేతిరాతలో ఉన్నా సరే, ఆ ఒక్క పేరు కొట్టేయాలి.

కలబందకూ ఒక పద్ధతి ఉంది. మట్టను కోసి కాసేపు నిలువుగా పెడితే పసుపుపచ్చ పాలు కారిపోతాయి. దురద పుట్టించేది ఆ పాలే. అది కడిగాక లోపలి తెల్లటి గుజ్జు వాడుకోవాలి. ముల్తానీ మట్టి జిడ్డును బాగా పీలుస్తుంది కనుక జిడ్డుముఖాలకు వారానికోసారి చాలు, పొడిచర్మం ఉన్నవారు దాని జోలికి పోకపోవడమే మేలు. పెరుగులోని లాక్టిక్ ఆమ్లం మృతకణాలను మెత్తగా వదిలిస్తుంది. క్రీముల కంపెనీలు వాడేదీ ఆ ఆమ్లమే.

పసుపు గురించి తెలుగువారికి కొంత గర్వం ఉండటం సహజం. దుగ్గిరాల యార్డు, నిజామాబాద్ మార్కెట్ దేశమంతటికీ తెలిసిన పేర్లు. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌లోనే మొదలైంది. గాయాలు మాన్పడానికి పసుపు వాడకం మీద 1995లో అమెరికాలో ఒక విశ్వవిద్యాలయానికి పేటెంటు ఇచ్చారు. భారత శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి దాన్ని సవాలు చేసింది. సంస్కృత గ్రంథాలను, 1953లో భారత వైద్య సంఘం పత్రికలో వచ్చిన వ్యాసాన్ని సాక్ష్యంగా చూపింది. 1997లో పేటెంటు రద్దయింది. అమ్మమ్మ చిట్కా గెలిచిన కేసు అది.

అంత పోరాడి నిలబెట్టుకున్న పసుపును కల్తీతో ఒంటికి రాసుకోవడం తగదు. మెరుపు కోసం మెటానిల్ ఎల్లో, లెడ్ క్రోమేట్ కలిపే వ్యాపారులు ఉన్నారు. గ్లాసు నీళ్లలో చెంచా పసుపు చల్లి ఆగితే, మంచిది అడుగుకు దిగి నీళ్లను లేత పసుపుగా ఉంచుతుంది. నీళ్లు చిక్కటి పసుపు రంగు పట్టేస్తే అనుమానించాలి. కొమ్ములు కొని దంచుకోవడం అన్నిటికంటే నమ్మకమైన దారి.

ఇవన్నీ తెల్లబడటానికి కావు. ఈ మాట గట్టిగా చెప్పాలి. మెలనిన్ చర్మం లోపల తయారవుతుంది, పిండితో రుద్దితే ఊడేది కాదు, ఊడదీయాల్సినదీ కాదు. ఎండ ఎక్కువగా ఉండే నేల మీద ఆ రంగే మనిషికి గొడుగు. పెళ్లికి నెల ముందు నుంచి ఆడపిల్లకు నలుగు పెడుతూ ‘కాస్త రంగు తేలుతుంది’ అనే మాట ఇకనైనా ఆగాలి. నలుగు ఇచ్చేది నున్నదనం, శుభ్రత, పక్కన కూర్చుని ఒళ్లు రుద్దే మనిషి ఆప్యాయత. అలాగే వంటింట్లో దొరికేది ఏదీ సన్‌స్క్రీనుకు బదులు కాదు. ఆరు వారాలు దాటినా తగ్గని మచ్చకు, చీము పట్టిన మొటిమకు, వ్యాపించే దురదకు చర్మవైద్యుడి దగ్గరికి వెళ్లాల్సిందే.

ఈ వారం పావుకిలో పెసలతోనే మొదలుపెట్టండి. ఆడించిన పిండిలో చెంచాడు తీసి, పెరుగుతో కలిపి, మోచేతి లోపలివైపు రూపాయి బిళ్లంత మేర రాసి పది నిమిషాల తర్వాత కడిగేయండి. రెండు రోజులు చూడండి. దురద, ఎరుపు రాకపోతే ఆదివారం పొద్దున్నే నూనె వేడి చేయండి. కలిపిన పిండి మిగిలితే దాచవద్దు, తడి తగిలిన పిండిలో పూట గడిచేసరికి సూక్ష్మజీవులు పెరుగుతాయి. పొడిపిండిని మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి, దాని మీద ఆడించిన తేదీ రాసిపెట్టుకోండి.